క్లాంగ్ బిల్డ్‌లో ఆబ్జ్‌టూల్ వార్నింగ్: ఒక ఫంక్షన్ పక్క ఫంక్షన్‌లోకి జారిపోతోందట. నోరు మూయించాలా, వినాలా?

గచ్చిబౌలి_డ్రైవర్ · మంగళవారం, రాత్రి 9:47

అందరికీ నమస్తే. నేను ఒక నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ మీద పనిచేస్తున్నాను. లినక్స్ కెర్నల్ ట్రీలో లేదు, మేమే బయట కట్టుకునే మాడ్యూల్. ఇన్నాళ్లూ జీసీసీ కంపైలర్‌తో కట్టేవాళ్లం, కొన్నాళ్ల కింద క్లాంగ్‌కి మారాం. అప్పటి నుంచి బిల్డ్ చివర, తయారైన మెషీన్ కోడ్‌ని తనిఖీ చేసే కెర్నల్ పనిముట్టు ఆబ్జ్‌టూల్ నుంచి ఈ ఒక్క లైన్ వస్తోంది:

వార్నింగ్: ఆబ్జ్‌టూల్: క్లాక్_రేట్_లెక్క() ఫాల్స్ త్రూ టు నెక్స్ట్ ఫంక్షన్ స్టాట్స్_రీసెట్()

ఫంక్షన్ పేర్లు మార్చాను, ఆఫీసు కోడ్ కాబట్టి.

మాడ్యూల్ తయారవుతోంది, లోడ్ అవుతోంది, ప్యాకెట్లు పోతున్నాయి. మా లీడ్ ఏమన్నారంటే, "మేక్‌ఫైల్‌లో ఆ ఫైలుకి ఆబ్జెక్ట్_ఫైల్స్_నాన్_స్టాండర్డ్ అని ఒక లైన్ పెట్టేయ్, ఆబ్జ్‌టూల్ దాని జోలికి రాదు, శుక్రవారం రిలీజ్ ఉంది." పెట్టేస్తే ఐదు నిమిషాల పని. కానీ నాకు మనసొప్పడం లేదు. సోర్స్ నాలుగుసార్లు చదివాను. ఫంక్షన్ చివర రిటర్న్ కళ్ల ముందే ఉంది. మరి జారిపోవడం ఏమిటి?

సికింద్రాబాద్_షెల్ · రాత్రి 9:58

పేరు చూసి ఆటో డ్రైవర్ అనుకున్నా అన్నా. గచ్చిబౌలి నుంచి ప్యారడైజ్‌కి మీటర్ మీద వస్తవా అని అడుగుదామని లోపలికొచ్చిన.

మాదాపూర్_మేక్‌ఫైల్ · రాత్రి 10:11

భయ్యా, టెన్షన్ పడకు. ఇది నోరిటర్న్ గొడవ, నేను పది సార్లు చూశాను. పానిక్ లాంటి ఫంక్షన్ పిలిస్తే మళ్లీ వెనక్కి రాదు కదా. ఆ సంగతి హెడర్‌లో రాసి ఉంటుంది కాబట్టి కంపైలర్‌కి తెలుసు, అందుకే ఆ కాల్ తర్వాత ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా రాయదు. ఆబ్జ్‌టూల్ చూసేది సోర్స్ కాదు, కంపైలర్ తయారుచేసే డాట్ ఓ ఫైల్. అందులో "ఈ ఫంక్షన్ తిరిగి రాదు" అన్న సమాచారమే ఉండదు. అందుకని దాని సోర్స్‌లో నోరిటర్న్స్ డాట్ హెచ్ అని ఒక జాబితా చేత్తో రాసి పెట్టుకున్నారు. నువ్వు పిలిచే ఫంక్షన్ ఆ జాబితాలో లేకపోతే, కాల్ అయ్యాక కింద ఉన్న కోడ్‌లోకి పోతుందని అది అనుకుంటుంది. ఫాల్స్ పాజిటివ్, అంటే ఉత్తుత్తి అలారం. లీడ్ చెప్పినట్టు ఆ లైన్ పెట్టి పడుకో.

హెక్స్‌డంప్_హైమ · రాత్రి 10:26

మేక్‌ఫైల్ గారు చెప్పింది జరుగుతుంది, కాదనను. కానీ డంప్ చూడకుండా ఫాల్స్ పాజిటివ్ అని తేల్చేయడం, నాడి పట్టకుండానే మందు రాయడం లాంటిది. డ్రైవర్ గారూ, ఆ డాట్ ఓ ఫైల్ మీద, మెషీన్ కోడ్‌ని విప్పి చూపించే ఆబ్జ్‌డంప్‌ని మైనస్ డీఆర్ ఆప్షన్‌తో నడిపి, ఆ ఫంక్షన్ చివరి పది లైన్లు ఇక్కడ పెట్టండి. డీ మాత్రమే ఇస్తే కాల్స్ అన్నీ సున్నాలుగా కనిపిస్తాయి, ఆర్ ఉంటే రీలొకేషన్లు కూడా వచ్చి ఎవరిని పిలుస్తున్నారో తెలుస్తుంది.

గచ్చిబౌలి_డ్రైవర్ · రాత్రి 10:31

బిల్డ్ మెషీన్ ఆఫీసులో ఉంది మేడం, వీపీఎన్ ఇప్పుడు ఎక్కడం లేదు. పొద్దున్నే పెడతాను.

ఓయూ_ఎంటెక్ · రాత్రి 10:50

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాకొక డౌట్. స్టాటిక్ అనాలిసిస్ అంటే మాకు క్లాసులో చెప్పింది సోర్స్ మీద చేసేదే. కెర్నల్‌కి స్పార్స్, స్మాచ్ ఉన్నాయి, కాక్సినెల్ ఉంది. అన్నీ సీ కోడ్ చదివేవే. కంపైల్ అయిపోయాక బైట్లు ఏరుకుని చదవడం ఎందుకు? పేర్లూ టైపులూ అన్నీ పోయాక అందులో మిగిలేది ఏముంది?

తార్నాక_తాతయ్య · రాత్రి 11:24

మంచి ప్రశ్న బాబూ. నిద్ర పట్టడం లేదు గనక కాస్త వివరంగా చెబుతాను. నేను రిటైరై చాలా ఏళ్లైంది. 8086 రోజుల్లో లైన్ ప్రింటర్ కాగితం మీద హెక్స్ అచ్చు తీసి, ఎర్ర పెన్నుతో పుష్‌కీ పాప్‌కీ గీతలు కలుపుకుంటూ కూర్చునేవాళ్లం. ఆబ్జ్‌టూల్ మొదట చేసింది సరిగ్గా ఆ ఎర్ర పెన్ను పనే.

కెర్నల్ ఊప్స్, అంటే కెర్నల్ లోపల తప్పు జరిగిందన్న రిపోర్టు, వచ్చినప్పుడు కాల్ ట్రేస్ చూసే ఉంటావు. కొన్ని పేర్ల ముందు ప్రశ్నార్థకం ఉంటుంది. "ఇది స్టాక్ మీద దొరికింది గానీ నిజంగా పిలుపుల వరసలో ఉందో లేదో నాకు నమ్మకం లేదు" అని దాని అర్థం. మనిషి చదువుకునేటప్పుడు ఆ ప్రశ్నార్థకాలతో సర్దుకుపోవచ్చు. లైవ్ ప్యాచింగ్‌లో అలా కుదరదు. నడుస్తున్న కెర్నల్‌లో ఒక ఫంక్షన్ తీసి ఇంకొకటి పెట్టాలంటే, ఏ టాస్కూ ఆ పాత ఫంక్షన్ లోపల ఇరుక్కుని లేదని గట్టిగా తెలియాలి. అంటే స్టాక్ ట్రేస్ నమ్మదగ్గది కావాలి. కానీ ఎక్కడో ఒక అసెంబ్లీ ఫైలులో ఎవరో ఫ్రేమ్ పాయింటర్ (ఒక్కో ఫంక్షన్ స్టాక్ వాటా ఎక్కడ మొదలైందో చూపే గుర్తు) పెట్టడం మర్చిపోతే ఆ గొలుసు అక్కడే తెగుతుంది. దీనికోసం అప్పట్లో రెడ్ హ్యాట్‌లో పనిచేసే జాష్ పోయింబోఫ్ రాసిన పనిముట్టు 2016లో 4.6 కెర్నల్‌తో వచ్చింది. ముందు స్టాక్‌టూల్ అనేవారు, చేర్చే నాటికి ఆబ్జ్‌టూల్ అయింది. కంపైలర్ డాట్ ఓ ఫైల్ ఇవ్వగానే ఇది తెరిచి, ప్రతి ఫంక్షన్ మొదటి నుంచి ప్రతి బ్రాంచ్ వెంటా నడుస్తుంది. స్టాక్ పాయింటర్ ఎంత కదిలింది, ఏ రిజిస్టర్ ఎక్కడ దాచారు అని ఇన్‌స్ట్రక్షన్ ఇన్‌స్ట్రక్షన్‌కీ లెక్క రాసుకుంటుంది. ముందొకసారి నడిచిన ఇన్‌స్ట్రక్షన్‌కి వేరే దారిలో మళ్లీ వస్తే, రెండు లెక్కలూ పోల్చి చూస్తుంది. తేడా వస్తే "స్టాక్ స్టేట్ మిస్‌మ్యాచ్" అని అరుస్తుంది. ఎర్ర పెన్నే కదా?

ఆ లెక్క అంతా చేతిలో ఉన్నాక పారేయడం దేనికి అనుకున్నారు. దాన్నే ఒక పట్టికగా ఫైలులో రాసిపెట్టారు. అదే 2017లో 4.14తో వచ్చిన ఓర్క్ అన్‌వైండర్, అంటే స్టాక్‌ని వెనక్కి చదివి పిలుపుల వరస చెప్పేది. కోడ్‌లో స్టాక్ లెక్క మారిన ప్రతిచోటికీ ఆరు బైట్ల ఎంట్రీ, ఆ చోటు చూపడానికి ఇంకో నాలుగు బైట్లు. అంతే. ఫ్రేమ్ పాయింటర్లు పెట్టుకుంటే కెర్నల్ కోడ్ 3.2 శాతం దాకా ఉబ్బుతుందనీ, కొన్ని పనుల్లో 5 నుంచి 10 శాతం నెమ్మదిస్తుందనీ కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే రాశారు. ఓర్క్‌తో ఆ ఖర్చు లేదు, బదులుగా ర్యామ్‌లో 2 నుంచి 4 ఎంబీ పోతుంది.

పేరు వెనక పిట్టకథ కూడా ఉంది. ఫైల్ ఫార్మాట్ పేరు ఎల్ఫ్, డీబగ్ సమాచారం పేరు డ్వార్ఫ్. పాశ్చాత్య కథల్లో ఎల్ఫులకూ డ్వార్ఫులకూ ఉమ్మడి శత్రువు ఓర్క్. డ్వార్ఫ్ పద్ధతితో విసిగినవాళ్లు పెట్టిన పేరు.

సికింద్రాబాద్_షెల్ · రాత్రి 11:31

మనోళ్లు పెట్టి ఉంటే బకాసురుడు అనేటోళ్లు. 4 ఎంబీ తింటది కదా.

హెక్స్‌డంప్_హైమ · బుధవారం, ఉదయం 7:05

తాతయ్య గారూ, చక్కగా చెప్పారు. ఎంటెక్ తమ్ముడు అడిగిన "సోర్స్ ఎందుకు కాదు" అన్నదానికి నా వంతు చెబుతాను, మెట్రోలో ఉన్నాను, టైముంది.

సోర్స్‌లో లేనివి మెషీన్ కోడ్‌లో ఉంటాయి. ఒక ఉదాహరణ చాలు. ఇంటెల్ ప్రాసెసర్లలో బ్రాడ్‌వెల్ తరం నుంచి స్మ్యాప్ అని ఒక కాపలా ఉంది. కెర్నల్ మోడ్‌లో ఉండగా యూజర్ ప్రోగ్రామ్ మెమరీని ముట్టుకుంటే ఫాల్ట్ వస్తుంది. నిజంగా ముట్టుకోవాల్సి వస్తే స్టాక్ అనే ఇన్‌స్ట్రక్షన్‌తో ఏసీ ఫ్లాగ్ పెట్టి తలుపు తీయాలి, పని కాగానే క్లాక్ అనే ఇన్‌స్ట్రక్షన్‌తో మూయాలి. (ఈ స్టాక్‌కీ తాతయ్య గారి స్టాక్‌కీ సంబంధం లేదు. తెలుగులో రాస్తే రెండూ ఒకటైపోయాయి, ఇకమీద "తెరుపు", "మూత" అంటాను.)

బీరువా తలుపు తీసి డబ్బు తీసుకుంటూ, మధ్యలో ఫోన్ మోగిందని తలుపు బార్లా వదిలి వీధిలోకి వెళ్లం కదా. తెరుపుకీ మూతకీ మధ్య ఫంక్షన్ కాల్ చేస్తే అంతే. పిలిచిన ఫంక్షన్ లోపల ఎక్కడో షెడ్యూలర్‌కి వెళ్లిందనుకోండి. ఇంటరప్ట్ వస్తే ఫ్లాగులు దానంతటదే దాచుకుంటుంది, ఇబ్బంది లేదు. కానీ మనంతట మనం షెడ్యూలర్‌ని పిలిస్తే అప్పట్లో టాస్క్ మార్పిడిలో ఆ ఫ్లాగ్ దాచేవాళ్లు కాదు. తర్వాత ఎక్కిన టాస్క్ తలుపు తెరిచి ఉన్నట్టే నడుస్తుంది. తప్పు ఒకరిది, నష్టం ఇంకొకరిది. 2019లో 5.2 కెర్నల్ కోసం డెవలపర్ పీటర్ జైల్‌స్ట్రా ఆబ్జ్‌టూల్‌కి ఈ నియమం నేర్పారు: తలుపు తెరిచి ఉండగా, అనుమతి ఉన్న కొద్ది ఫంక్షన్లు తప్ప ఎవరినీ పిలవకూడదు, రిటర్న్ కూడా కాకూడదు.

ఇప్పుడు తమ్ముడూ, సోర్స్ చదివి ఇది ఎలా పట్టుకుంటావు? నువ్వు ఆ మధ్యలో ఫంక్షన్ కాల్ రాయలేదు. ఒక స్ట్రక్చర్‌ని ఇంకోదానికి అసైన్ చేశావు, ఈక్వల్ టు గుర్తు, అంతే. కంపైలర్ దాన్ని మెమ్‌కాపీ కాల్‌గా మార్చింది. లేదా మెమరీ తప్పులు పట్టే కేసాన్ ఆన్ చేశావు, ప్రతి మెమరీ యాక్సెస్ ముందు దాని చెకింగ్ కాల్ వచ్చి కూర్చుంది. లేదా ఇన్‌లైన్ అని రాసిన చిన్న ఫంక్షన్‌ని కంపైలర్ "నా ఇష్టం" అని విడిగానే ఉంచేసింది. ఇన్‌లైన్ అన్న మాట విన్నపం మాత్రమే, ఆజ్ఞ కాదు. నువ్వు రాసినదాంట్లో తప్పు లేదు, తయారైనదాంట్లో ఉంది.

2020లో 5.8తో వచ్చిన నోఇన్‌స్టర్ నియమమూ ఇదే వరస. ఇంటరప్ట్ ఎంట్రీలో కొన్ని చోట్ల ట్రేసింగ్ గానీ ఇంకే తగిలింపు గానీ ఉండకూడదు. ఆ కోడ్ అంతా వేరే సెక్షన్‌లో పెడతారు. అక్కడి నుంచి బయటికి కాల్ పోతే ఆబ్జ్‌టూల్ ఊరుకోదు.

అమీర్‌పేటలో దిగి రైలు మారాలి. మిగతాది తర్వాత.

ఓయూ_ఎంటెక్ · ఉదయం 7:40

థాంక్స్ అక్కా. "రాసినదాంట్లో లేదు, తయారైనదాంట్లో ఉంది" అన్నది నోట్సులో రాసుకున్నా. మరి ఇదంతా లాజిక్ సాల్వర్లతో రుజువు చేస్తుందా? ఎస్ఎమ్‌టీ లాంటివి?

హెక్స్‌డంప్_హైమ · ఉదయం 8:20

లేదు. ఒట్టి నడకే. రిజిస్టర్‌లో విలువ 5 ఉందా 50 ఉందా దానికి అనవసరం. బ్రాంచ్ ఉంటే రెండు వైపులా వెళ్తుంది. అందుకే మొత్తం కెర్నల్ ఇమేజ్ మీద నడిపినా బిల్డ్‌తో పాటే అయిపోతుంది. ఇన్‌స్ట్రక్షన్లు విడదీయడానికి కెర్నల్‌లో ముందే ఉన్న ఎక్స్86 డీకోడర్‌నే వాడుకుంటుంది.

దానికి తలనొప్పి స్విచ్ స్టేట్‌మెంట్లు. కంపైలర్ వాటిని ఒక్కోసారి జంప్ టేబుల్ చేస్తుంది, అంటే రిజిస్టర్‌లో ఉన్న అడ్రస్‌కి గెంతడం. ఎక్కడికి గెంతుతుందో తెలియాలంటే ఆ టేబుల్ ఎక్కడుందో వెతకాలి, కంపైలర్ కోడ్ రాసే ధోరణిని బట్టి ఊహించాలి. కొత్త కంపైలర్ వెర్షన్ వచ్చి ఆ ధోరణి మార్చిందా, పాత ఊహలు తప్పుతాయి.

గచ్చిబౌలి_డ్రైవర్ · ఉదయం 10:02

డంప్ తెచ్చాను. ఫంక్షన్ 40 దగ్గర మొదలవుతోంది, అన్నీ హెక్స్. చివర ఇలా ఉంది:

7డి: రెట్
84: మూవ్, ఆర్‌డీఐలోకి స్ట్రింగ్ అడ్రస్
8బి: ఈ8 00 00 00 00 — కాల్, రీలొకేషన్: _ప్రింట్‌కే
90: <స్టాట్స్_రీసెట్> ఎండ్‌బ్రాంచ్64
94: కాల్, రీలొకేషన్: __ఎఫ్‌ఎంట్రీ__

మధ్యలో 7ఈ నుంచి 83 వరకు ఉన్నది వదిలేశాను, కౌంట్ ఒకటి పెంచే ఇన్‌స్ట్రక్షన్.

నాకు అర్థమైనంత వరకు, 8బి దగ్గర కాల్ ఐదు బైట్లు, 8ఎఫ్‌తో అయిపోతుంది. 90 నుంచి పక్క ఫంక్షన్. ప్రింట్‌కే (లాగ్‌లో మెసేజ్ రాసే ఫంక్షన్) అయ్యాక రెట్ (రిటర్న్) లేదు, జంప్ లేదు, ఏమీ లేదు. ఇదెలా సాధ్యం?

మాదాపూర్_మేక్‌ఫైల్ · ఉదయం 10:15

ప్రింట్‌కే నోరిటర్న్ కాదే... సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కంపైలర్ బగ్ అయ్యుండాలి.

హెక్స్‌డంప్_హైమ · ఉదయం 10:33

కంపైలర్ బగ్ కాదు, మీ కోడ్‌లోనే ఉంది. డ్రైవర్ గారూ, సోర్స్ చూడకుండానే చెబుతాను, తప్పైతే తిట్టండి. ఆ ఫంక్షన్‌లో ఒక స్విచ్ ఉంది. దాని డిఫాల్ట్ కేసులో "తెలియని మోడ్" లాంటి మెసేజ్ ప్రింట్ చేసి బ్రేక్ చేస్తున్నారు. స్విచ్ బయట ఒక భాగహారం ఉంది. భాజకం మొదట్లో సున్నాతో మొదలైంది, డిఫాల్ట్ కేసులో దానికి వేరే విలువ ఇవ్వలేదు. అవునా?

గచ్చిబౌలి_డ్రైవర్ · ఉదయం 10:41

మేడం మీరు మా రిపాజిటరీలోకి ఎప్పుడు దూరారు???

అక్షరాలా అంతే. క్లాక్ మోడ్ రిజిస్టర్ చదివి, మోడ్‌ని బట్టి భాజకం 4, 5 లేదా 8 అవుతుంది. డిఫాల్ట్‌లో ఎర్రర్ కౌంట్ పెంచి, "తెలియని క్లాక్ మోడ్" అని ప్రింట్ చేసి బ్రేక్. కింద మొత్తం బై భాజకం.

హెక్స్‌డంప్_హైమ · ఉదయం 11:02

దూరలేదు, డంపే చెప్పింది. ఇప్పుడు కంపైలర్ స్థానంలో కూర్చుని చూడండి.

సీ భాషలో సున్నాతో భాగిస్తే అన్‌డిఫైన్డ్ బిహేవియర్. అంటే, అలాంటిది జరగదని కంపైలర్ నమ్మవచ్చు. డిఫాల్ట్ దారిలో వస్తే భాజకం కచ్చితంగా సున్నా, అది దానికి కళ్లకు కట్టినట్టు తెలుసు. కాబట్టి ఆ దారిలో భాగహారం దాకా ఎవరూ చేరరు అని తీర్మానించుకుంది. మరి ప్రింట్‌కేని ఎందుకు ఉంచింది? దాన్ని పిలిస్తే వెనక్కి వస్తుందన్న హామీ లేదు కాబట్టి. లోపలే ఆగిపోవచ్చేమో, దాన్ని తీసేసే హక్కు దానికి లేదు. సరే, పిలుస్తాను, ఆ తర్వాత ఏం జరిగినా నా పూచీ కాదు అని అక్కడే కలం పెట్టేసింది. రెట్ కూడా రాయలేదు. చేరని చోటికి రెట్ ఎందుకు?

ఇది మీ ఒక్కరికే కాదు. 2025 మార్చిలో ఆబ్జ్‌టూల్ ఇలాగే అరిస్తే తవ్వి చూశారు. ఏఎమ్‌డీ ఎస్‌పీఐ డ్రైవర్‌లో వేగం ఎంచుకునే లూప్, మరీ తక్కువ వేగం అడిగితే అర్రే చివర దాటిపోతోంది. డిబ్8000 అనే డిజిటల్ టీవీ రిసీవర్ చిప్ డ్రైవర్‌లో రిజిస్టర్ చదవడం విఫలమై సున్నా వస్తే దాంతోనే భాగిస్తున్నారు. రెండింటికీ వచ్చిన వార్నింగ్ మీకు వచ్చిందే, "ఫాల్స్ త్రూ". దాన్ని ఫాల్స్ పాజిటివ్ అని వదిలేసి ఉంటే ఇప్పటికీ అలాగే ఉండేవి.

ఇప్పుడు మీకు అసలు ప్రశ్న: ఆ స్టాట్స్_రీసెట్ ఏం చేస్తుంది?

గచ్చిబౌలి_డ్రైవర్ · ఉదయం 11:48

రాయాలంటే చేతులు వణుకుతున్నాయి.

ఆర్గ్యుమెంట్లు లేవు దానికి. మాడ్యూల్ గ్లోబల్ కౌంటర్లు అన్నీ సున్నా చేసి రిటర్న్ అవుతుంది.

మా దగ్గర రెండు వారాలుగా ఒక టికెట్ నానుతోంది. కొత్త రివిజన్ కార్డు ఉన్న చోట "కౌంటర్లు అప్పుడప్పుడు వాటంతటవే సున్నా అవుతున్నాయి" అని. కెర్నల్‌లో ఎవరు ఎవరిని పిలిచారో చూపే ఎఫ్‌ట్రేస్ పెట్టి చూస్తే, లింక్ సమాచారం చూపించే ఫంక్షన్ నుంచి స్టాట్స్_రీసెట్‌కి పిలుపు వచ్చినట్టు చూపించింది. సోర్స్‌లో ఆ రెండింటికీ పొత్తే లేదు. గ్రెప్ చేసి చేసి, ఎఫ్‌ట్రేస్‌దే తప్పు అని టికెట్‌లో రాశాను కూడా, సిగ్గేస్తోంది.

కొత్త రివిజన్‌లో కొత్త క్లాక్ మోడ్ ఉంది. డీమెసేజ్ లాగ్‌లో "తెలియని క్లాక్ మోడ్" లైన్లు బారులు తీరి ఉన్నాయి. ఎవరం చూడలేదు.

తార్నాక_తాతయ్య · మధ్యాహ్నం 12:20

ఎఫ్‌ట్రేస్ అబద్ధం చెప్పలేదు బాబూ. అది పిలిచినవాడి పేరు స్టాక్ మీదున్న రిటర్న్ అడ్రస్ చూసి చెబుతుంది. నీ క్లాక్_రేట్_లెక్క స్టాక్ మీద ఏమీ పెట్టలేదు, దానికి అవసరం రాలేదు. కాబట్టి పక్క ఫంక్షన్‌లోకి జారాక స్టాక్ పైన ఉన్నది క్లాక్_రేట్_లెక్కని పిలిచినవాడి అడ్రస్. అదే చూపించింది. రీసెట్ చివరి రెట్ కూడా బుద్ధిగా అక్కడికే వెళ్లింది. ఒక్క పుష్ ఉండి ఉన్నా ఆ రెట్ ఎక్కడికో గెంతి మెషీన్ కుప్పకూలేది, అదే రోజు దొరికేది. పాత జీసీసీ బిల్డ్‌కి ఈ కార్డు తగిలి ఉన్నా ఊప్స్‌తో పడి ఉండేది. పడకుండా నిలబడటమే ఇక్కడ దురదృష్టం.

సోర్స్ ఫైల్‌లో ఆ రెండు ఫంక్షన్లూ పక్కపక్కన ఉండటం వల్లే ఇలా జరిగింది. మధ్యలో ఎవరైనా ఇంకో ఫంక్షన్ రాసి ఉంటే అందులోకి జారేది.

సికింద్రాబాద్_షెల్ · మధ్యాహ్నం 12:27

అంటే కుక్క రెండు వారాలుగా మొరుగుతనే ఉన్నది. లీడ్ సారేమో కుక్క నోరు కట్టమన్నడు. దొంగ ఇంట్లో అన్నం తిని పోతున్నడు.

మాదాపూర్_మేక్‌ఫైల్ · మధ్యాహ్నం 12:40

సరే ఒప్పుకున్నా, నా తప్పే. ఫిక్స్ చిన్నదే: భాగించే ముందు భాజకం సున్నా అయితే రిటర్న్ సున్నా.

హెక్స్‌డంప్_హైమ · మధ్యాహ్నం 1:10

వార్నింగ్ పోతుంది, ఇంకో బగ్ వస్తుంది. రేట్ సున్నా అంటే పైనున్న వాళ్లకి లింక్ పడిపోయిందని అర్థం. లైను బాగున్నా డాష్‌బోర్డులో ఎర్రగా చూపిస్తుంది. డిఫాల్ట్ కేసులోనే మైనస్ ఈఇన్వాల్ (చెల్లని విలువ అనే ఎర్రర్ కోడ్) రిటర్న్ చేయండి, రేట్‌ని పాయింటర్ ద్వారా ఇవ్వండి, పిలిచినవాళ్లు ఎర్రర్ చూసుకోవాలి. కొత్త మోడ్‌కి సరైన భాజకం హార్డ్‌వేర్ వాళ్లని అడిగి ఒక కేసు చేర్చండి. ప్రింట్‌కేని రేట్‌లిమిటెడ్ చేయండి, లేకపోతే లాగ్ మళ్లీ ఎవరూ చదవరు.

ఇక లీడ్ గారు చెప్పిన ఆ మేక్‌ఫైల్ లైన్ గురించి. ఆ లైన్ పెడితే వార్నింగ్ ఒక్కటే పోతుందనుకుంటారు చాలామంది. ఆబ్జ్‌టూల్ ఇప్పుడు తనిఖీ చేసే మనిషి మాత్రమే కాదు, కోడ్ తయారీలో చేయి కూడా పెడుతుంది. ఆ ఫైలుని వదిలేస్తే దానికి ఓర్క్ పట్టిక ఉండదు, ఆ ఫంక్షన్ల మీదుగా వచ్చే స్టాక్ ట్రేస్ అక్కడ తెగుతుంది. ఇంకా పెద్దది రెట్‌బ్లీడ్ అనే ప్రాసెసర్ భద్రతా లోపం సంగతి. 2022 జులైలో అది బయటపడ్డాక, రెట్ ఉండాల్సిన చోట కంపైలర్ రిటర్న్ థంక్ అనే చిన్న కోడ్ ముక్కకి జంప్ పెట్టేలా చేశారు. ఏ ప్రాసెసర్‌కి ఏది కావాలో బూట్ అప్పుడు, మాడ్యూల్ అయితే లోడ్ అప్పుడు, ప్యాచ్ చేస్తారు. ఆ జంపులు ఎక్కడెక్కడున్నాయో జాబితా రాసేది ఆబ్జ్‌టూలే. జాబితాలో లేని జంపులు ప్యాచ్ కావు. 2024 నుంచి కెర్నల్ అలాంటిది తగిలితే "అన్‌ప్యాచ్డ్ రిటర్న్ థంక్ ఇన్ యూజ్" అని లాగ్‌లో పెద్ద వార్నింగ్ వేస్తుంది.

మీ డంప్‌లో మామూలు రెట్ ఉంది కాబట్టి మీ కాన్ఫిగ్‌లో ఆ రక్షణ ఆన్‌లో లేదు. కస్టమర్ కెర్నల్‌లో ఉండకపోదు. అక్కడ చూసుకోండి.

మాదాపూర్_మేక్‌ఫైల్ · మధ్యాహ్నం 1:22

ఆ థంక్ వార్నింగ్ మా కస్టమర్ ఒకరికి వచ్చింది... మేము ఆ మేక్‌ఫైల్ లైన్ మూడు ఫైళ్లకి పెట్టి ఉన్నాం. ఇప్పుడు అర్థమైంది. భోజనం సయించదు ఇక.

ఓయూ_ఎంటెక్ · మధ్యాహ్నం 3:55

హాస్టల్‌లో ల్యాప్‌టాప్ మీద చేసి చూశాను. పది లైన్ల మాడ్యూల్, స్విచ్, డిఫాల్ట్‌లో ప్రింట్, తర్వాత భాగహారం. కొత్త క్లాంగ్‌తో డ్రైవర్ అన్నకి వచ్చినట్టే వచ్చింది. పాత క్లాంగ్ ఉన్న ల్యాబ్ మెషీన్‌లో రాలేదు, అక్కడ మామూలుగా డివ్ (భాగహారం) ఇన్‌స్ట్రక్షన్ పెట్టింది. అదే సోర్స్!

ఇంకోటి, ఫంక్షన్‌ని ఫైల్ చివరికి మారిస్తే వార్నింగ్ మాట మారి "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ సెక్షన్" అని వచ్చింది. జారడానికి పక్కన ఎవరూ లేరు కాబట్టేనా?

హెక్స్‌డంప్_హైమ · సాయంత్రం 4:30

అవును, అందుకే. చేసి చూసినందుకు శభాష్. ఆ రెండు డంపులూ దాచిపెట్టుకో, ఇంటర్వ్యూలో పనికొస్తాయి.

ఓయూ_ఎంటెక్ · సాయంత్రం 4:34

ఆర్మ్64కి కూడా ఇలాగే చేస్తుందా అక్కా? మా బోర్డు అదే.

హెక్స్‌డంప్_హైమ · సాయంత్రం 4:51

ఈ స్థాయి తనిఖీ ముఖ్యంగా ఎక్స్86 ప్రాసెసర్లకే. లూంగ్‌ఆర్చ్‌కి 2024లో 6.9తో వచ్చింది. పవర్‌పీసీలో ట్రేసింగ్ కోసం కొంత భాగం వాడతారు. నీ బోర్డులో ఈ బగ్ ఉంటే దాన్ని చెప్పేవాళ్లు లేరనుకో. అదే కోడ్‌ని ఒకసారి ఎక్స్86కి కట్టి చూడు, డ్రైవర్ కోడ్ చాలావరకు కడుతుంది.

గచ్చిబౌలి_డ్రైవర్ · శుక్రవారం, రాత్రి 8:15

అప్‌డేట్. హైమ గారు చెప్పినట్టే మార్చాను. కొత్త మోడ్‌కి భాజకం 10 అని హార్డ్‌వేర్ టీమ్ చెప్పింది, వాళ్ల డాక్యుమెంట్‌లో ఉందట, మాకు పాత పీడీఎఫ్ ఇచ్చారు. లీడ్‌కి డంప్ ప్రింట్ తీసి చూపించాను, 8ఎఫ్ తర్వాత 90 అని వేలు పెట్టి. ఆయన రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత రిలీజ్ సోమవారానికి జరిపి, ఆ కౌంటర్ల టికెట్ ఆయనే మూసేశారు. 6.15 నుంచి ఆబ్జ్‌టూల్ వార్నింగ్ వస్తే బిల్డే ఆగిపోయే కాన్ఫిగ్ ఆప్షన్ ఉందని తెలిసి, మా సీఐలో (కోడ్ మారినప్పుడల్లా దానంతటదే బిల్డ్ చేసే ఏర్పాటు) అది ఆన్ చేయించారు కూడా.

ఆన్ చేయగానే ఇంకో మాడ్యూల్ బిల్డ్ ఆగింది. ఈసారి వేరే మాట:

ఐఓసీటీఎల్_స్టాట్స్_కాపీ: కాల్ టు మెమ్‌సెట్() విత్ యూఏక్సెస్ ఎనేబుల్డ్

సోర్స్‌లో మెమ్‌సెట్ ఎక్కడా లేదు. ఒక లోకల్ స్ట్రక్చర్‌ని బ్రేసుల్లో సున్నాతో మొదలుపెట్టే లైన్ మాత్రం ఉంది.

సికింద్రాబాద్_షెల్ · రాత్రి 8:19

బీరువా తలుపు తెరిచి ఉన్నదన్నా.

హెక్స్‌డంప్_హైమ · రాత్రి 8:40

ఆ లైన్‌ని యూజర్_యాక్సెస్_బిగిన్ (తెరుపు వేసే చోటు) కన్నా పైకి జరిపి మళ్లీ కట్టండి. అప్పటికీ అరిస్తే వెర్బోస్ ఆన్ చేసి వచ్చిందంతా ఇక్కడ పెట్టండి.